కుంగుబాటు మందును ఒక్కసారిగా మానరాదు: పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు

ఊరిలో విరేచనముల వ్యాధి వచ్చినను, మలేరియా వచ్చినను పంచాయతీకి వెంటనే తెలియును. నూతిలో మందు వేయించుట, నిలిచిన మురుగును తీయించుట, వైద్యునకు కబురు పంపుట జరుగును. మనస్సునకు వచ్చు జబ్బు అట్లు బయటికి కనబడదు. ఆ జబ్బునకు వాడిన మందును మానినప్పుడు కలుగు బాధ అంతకంటెను మరుగున నుండును. రోగియే దానిని గుర్తింపలేడు. ఇంటివారు మరియొక విధముగా తలచెదరు. ఇరుగుపొరుగువారు తోచిన మాట అందురు. ఇట్టి సమయమున సరియైన మాట చెప్పగలవారు గ్రామమున ఒకరిద్దరైనను ఉండుట అవసరము. రాజ్యాంగమునకు జరిగిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలు పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పేర్కొనుచున్నది. వానిలో ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు కలవు. కావున ఈ విషయము పంచాయతీ సభ్యులకు పరాయిది కాదు.

ఈ మందులెట్టివి?

మనస్సు వారముల తరబడి దిగులుతో క్రుంగి, నిద్ర, ఆకలి, పనియందు ఆసక్తి నశించుటను వైద్యులు కుంగుబాటు అందురు. మన పల్లెలలో దీనిని దిగులు జబ్బు అనుట కలదు. 2015-16 సంవత్సరములలో బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము, వయోజనులలో సుమారు ఇరువదిమందికి ఒకరు జీవితమున ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బునకు లోనైనవారే. అనగా వేయిమంది పెద్దలున్న ఊరిలో ఏబదిమందివరకు ఇట్టివారు ఉండవచ్చును.

దీనికి మొదటి మందులలో ఒకటియైన ఇమిప్రమిన్ గుణమును స్విట్జర్లండు దేశపు వైద్యుడు రోలాండ్ కూన్ 1957లో ప్రకటించెను. ఆపై ఎమిట్రిప్టిలిన్, ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్, పెరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ మొదలగునవి వచ్చినవి. ఇవి మేలు చేయు మందులే. ఎందరో వీనివలన తిరిగి లేచి పొలమునకు పోయినారు, బిడ్డలను సాకుకొన్నారు. ఎమిట్రిప్టిలిన్ అను మందును తలనొప్పికి, నరముల మంటకు, నడుమునొప్పికి కూడ వైద్యులు వ్రాయుదురు. కావున తాను వాడునది కుంగుబాటు మందు జాతిలోనిదని తెలియకయే వాడువారు కూడ గ్రామములలో ఉందురు.

మానినప్పుడు బాధ ఏల కలుగును?

హిరమండలమువద్ద వంశధారపై గొట్టా బ్యారేజి ఉన్న సంగతి మన రైతులకు తెలిసినదే. వరద కాలమున దాని తలుపులను క్రమముగా ఎత్తినచో దిగువనున్న పల్లెలు తట్టుకొనగలవు. అన్నిటిని ఒక్కమారు ఎత్తినచో గట్లు తెగును. మెదడు సంగతియు ఇట్టిదే. నెలలు, సంవత్సరములు మందు వాడుచుండగా మెదడు ఆ మందు ఉన్నదను లెక్కతో తన పనిని సర్దుకొనును. మందు హఠాత్తుగా లేకపోయినచో తిరిగి సర్దుకొనుటకు దానికి వ్యవధి చాలదు. ఆ వ్యవధి లోపము వలన పుట్టు బాధలనే వైద్యులు విత్‌డ్రాయల్ లక్షణములు అందురు. ఈ వ్యాసమున వానిని విడుపు బాధలు అని వ్యవహరింతము.

ఈ విషయము క్రొత్తగా బయటపడినది కాదు. ఇమిప్రమిన్ మానినవారికి ఇట్టి బాధలు కలుగుటను వైద్యులు 1959లోనే వ్రాసియుండిరి. ఐనను చాలకాలము ఇవి స్వల్పములనియు, ఒకటి రెండు వారములలో వానియంతట అవియే తగ్గుననియు వైద్య గ్రంథములు చెప్పుచు వచ్చినవి. 2019లో బ్రిటన్ దేశపు మనోవైద్యుల రాయల్ కళాశాల ఈ అభిప్రాయమును సవరించి, కొందరికి ఈ బాధలు తీవ్రముగను, దీర్ఘకాలముగను ఉండగలవని ప్రకటించినది. ఈ ఆలస్యము వలన తమ బాధను చెప్పుకొన్న రోగులు ఎందరో అనుమానమునకు పాత్రులైరి. మన గ్రామములలో ఆ పొరపాటు కొనసాగరాదు.

బాధలు ఏ విధముగ నుండును?

మందు మానిన కొలది దినములలో తల తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట, నిద్ర పట్టకపోవుట, భయంకరమైన కలలు, చెమటలు, కాళ్ళు చేతులపై చీమలు ప్రాకినట్లుండుట, ఊరక ఏడ్పు వచ్చుట, చిన్న మాటకు మండిపడుట కలుగును. తలలో కరెంటు తగిలినట్లు ఒక్క క్షణము ఝల్లుమనుట ఈ బాధలకు ప్రత్యేకమైన గుర్తు. కొందరికి ఒకచోట కూర్చుండలేని అశాంతి పట్టును, నడచుచునే ఉందురు.

ఎందరికి ఇట్లగును? జర్మనీ వైద్యులు 79 పరిశోధనలలోని 21,000 మందికి పైగా రోగుల వివరములను క్రోడీకరించి 2024లో ప్రకటించిరి. మందు మానినవారిలో నూటికి సుమారు 31 మందికి ఏదో ఒక బాధ కనబడెను. మందు లేని ఉత్తుత్తి బిళ్ళను మానినవారిలో సహితము 17 మందికి అట్టి బాధలే కనబడెను. తీవ్రమైన బాధ కలిగినవారు నూటికి సుమారు ముగ్గురు. ఆ పరిశోధనలలో చాలమంది కొలది నెలలే మందు వాడినవారు. ఏండ్ల తరబడి వాడినవారికి ప్రమాదము ఇంతకంటె హెచ్చుగా ఉండవచ్చును. కావున అందరును భయపడ నక్కరలేదు. ఐతే ఎవరికిని ఏమియు కాదని తీసివేయరాదు.

చాలమందికి బాధలు కొన్ని వారములలో తగ్గును. కొందరికి నెలలు, అరుదుగా సంవత్సరమునకు మించియు ఉండును. ఈ దీర్ఘ బాధకు ఒక తీరు ఉన్నది. భావనపాడు తీరమున అలలవలె అది వచ్చుచు పోవుచుండును. రెండు దినములు నెమ్మదిగా నుండి, మూడవ దినమున మరల తల తిరుగును. మంచి దినములు క్రమముగా పెరుగుచున్నచో మెదడు కుదుటపడుచున్నదని గ్రహింపవలెను. చెడు దినము వచ్చినంత మాత్రమున జబ్బు మొదటికి వచ్చినదని బెంబేలుపడరాదు.

పాత జబ్బు తిరిగి వచ్చినదా, విడుపు బాధయా?

ఈ రెండింటిని వేరుగా తెలిసికొనుట మిక్కిలి ముఖ్యము. విడుపు బాధను జబ్బని తలచినచో అవసరములేని మందు ఏండ్ల తరబడి వాడవలసి వచ్చును. జబ్బును విడుపు బాధయని తలచినచో చికిత్స అందక ప్రాణమునకే ముప్పు రావచ్చును. సామాన్యముగ విడుపు బాధలు మందు మానిన లేక తగ్గించిన కొలది దినములలో మొదలగును. పాత జబ్బు కొన్ని వారములు, నెలలు గడచిన పిదప మెల్లగా వచ్చును. తల ఝల్లుమనుట, త్రిప్పుట, చీమలు ప్రాకుట వంటివి మునుపటి జబ్బులో లేనివైనచో విడుపు బాధలని అనుమానింపవచ్చును. వైద్యుని సలహాపై మందు తిరిగి ఇచ్చినప్పుడు విడుపు బాధలు చాలవరకు కొలది దినములలో తగ్గును. పాత జబ్బు తగ్గుటకు వారములు పట్టును. ఐనను ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు దేహమున చాల దినములు నిలిచియుండుట వలన వాని విడుపు బాధలు ఆలస్యముగా మొదలు కావచ్చును. తుది నిర్ణయము వైద్యునిదే. గ్రామస్థులు చేయవలసినది ఒక్కటి: మందు ఏ తేదీన తగ్గించిరో, బాధ ఏ తేదీన మొదలైనదో వ్రాసియుంచి వైద్యునకు చూపుట.

జబ్బు తిరుగబెట్టుట కూడ నిజమే. దీర్ఘకాలము మందు వాడి, మానుటకు సిద్ధపడినవారిపై బ్రిటన్‌లో జరిగిన పరిశోధన 2021లో వెలువడినది. ఒక సంవత్సరములో మందు మానినవారిలో నూటికి 56 మందికిని, కొనసాగించినవారిలో 39 మందికిని కుంగుబాటు తిరిగి వచ్చెను. మానినవారిలో సహితము నూటికి 44 మందికి జబ్బు తిరిగి రాలేదు. కావున మందు మానుట తప్పు కాదు. తొందరపడి మానుట తప్పు.

విడుపు బాధలను సారాయి వ్యసనముతో పోల్చరాదు. ఈ మందులపై సారాయివలె వ్యామోహము పుట్టదు. మెదడు మందునకు అలవాటుపడుట వేరు, మనిషి వ్యసనపరుడగుట వేరు. మందులకు బానిసయైనాడని నలుగురిలో అనుట రోగిని సిగ్గుపరచుటయే గాక, వైద్యునివద్దకు పోకుండ చేయును.

క్రమముగా తగ్గించు విధము

మందును సగము చేసి, మరల సగము చేసి ఆపివేయుట చాలమంది ఎరిగిన పద్ధతి. ఇది అందరికి చాలదని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి. సిటలోప్రామ్ అను మందు 20 మిల్లీగ్రాములు మెదడులో తాను పనిచేయు స్థానములలో సుమారు 80 శాతమును ఆక్రమించును. దానిని నాలుగవ వంతునకు, అనగా 5 మిల్లీగ్రాములకు తగ్గించినను సుమారు 60 శాతము ఆక్రమణ మిగులును. ఆ చివరి 5 మిల్లీగ్రాములను ఒక్కసారిగా మానినచో 60 నుండి సున్నకు పడిపోవుట జరుగును. కొండ దిగువాడు పైభాగమున మెల్లని వాలు చూచి ధైర్యపడి, చివరనున్న నిటారు చరియనుండి దూకినట్లగును. కావున ఆరంభమున కొంత పెద్ద మెట్టు వేసినను, చివరకు వచ్చుకొలది మెట్లు చిన్నవి కావలెను. ఒక్కొక్క మెట్టుపై కొన్ని వారములు నిలిచి, బాధ తగ్గిన పిదప తరువాతి మెట్టు దిగవలెను. ఏండ్ల తరబడి వాడినవారికి ఇందుకు నెలలు పట్టుట సహజము.

ఇందులో కొన్ని జాగ్రత్తలు కలవు. వైద్యునితో చెప్పకుండ తగ్గింపరాదు. దినము విడిచి దినము వేసికొనుట తగ్గించుట కాదు. పెరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటి మందులు దేహమునుండి త్వరగా పోవును గనుక ఆ పద్ధతిలో దినదినము విడుపు బాధ కలుగును. మెల్లగా కరగునట్లు తయారు చేసిన బిళ్ళలను విరుగగొట్టరాదు, నలుపరాదు. గర్భిణులు భయపడి హఠాత్తుగా మానరాదు. తల్లికిని బిడ్డకును ఏది మేలో వైద్యుడే నిర్ణయింపవలెను. కాన్పు సమయమున తాను వాడు మందు పేరును తప్పక చెప్పవలెను. పుట్టిన బిడ్డను కొన్ని దినములు గమనింపవలసి యుండును.

దీర్ఘ బాధను ఓర్చుకొనుట ఎట్లు?

దీర్ఘ విడుపు బాధను ఒక్క దినములో పోగొట్టు మందు లేదు. బాధ తీవ్రమైనచో వైద్యుడు పూర్వపు మోతాదునకు తిరిగి తీసికొనిపోయి, కుదుటపడిన పిదప ఇంకను మెల్లగా తగ్గించును. ఇది ఓటమి కాదు. మందు మాని చాల నెలలు గడచినచో సొంతముగా పూర్తి మోతాదు మొదలుపెట్టరాదు. అప్పటికి దేహము దానిని తట్టుకొనలేకపోవచ్చును.

ఇంటిలో చేయదగినవి కలవు. వేళకు పడుకొని వేళకు లేచుట, ఆకలి లేకున్నను కొంచెము చోడి అంబలియో, గంజియో త్రాగుట, ఉదయము చల్లని వేళ నడచుట, బాధ హెచ్చుగానున్న దినమున పెద్ద నిర్ణయములు చేయకుండుట మేలు. కల్లు, సారాయి త్రాగినచో ఆ రాత్రి నిద్ర పట్టినట్లుండి, మరునాడు బాధ ఇబ్బడి యగును. ఇతరుల నిద్రమాత్రలను, నొప్పిమాత్రలను వాడరాదు. తల తిరుగుచున్నంత కాలము కొబ్బరిచెట్టు ఎక్కుట, నావపై వేటకు పోవుట, ఇంటి కప్పులపై పనిచేయుట, వాహనము నడుపుట మానవలెను. ఉద్దానపు తోటలలోను, తీర గ్రామములలోను ఈ జాగ్రత్త ప్రాణములను నిలుపును. ఇంటివారు ప్రతి గంటకు ఎట్లున్నదని అడుగుటకంటె, ప్రక్కన కూర్చుండి చిన్న పనిలో తోడుపడుట మంచిది.

మన జిల్లాలలో మందు ఏల తెగిపోవును?

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో మందు హఠాత్తుగా ఆగుటకు కారణములు రోగి ఇష్టముకంటె పరిస్థితులలో హెచ్చుగా కనబడును. మొదటిది వలస. చెన్నైకి, హైదరాబాదునకు, గుజరాతు రేవులకు పనికి పోవువారు నెల మందుతో బయలుదేరి, అది ఐపోయిన పిదప ఆ క్రొత్త ఊరిలో ఎవరిని అడుగవలెనో తెలియక ఊరకుందురు. రెండవది తుఫాను. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు ఉద్దానములో కొబ్బరి, జీడితోటలు నేలకూలినవి. ఊళ్ళు దినముల తరబడి కరెంటు లేక చీకటిలో నుండెను. అట్టి సమయమున బియ్యము, నీళ్ళు, కిరోసిను గూర్చి ఆలోచించుట సహజము. నిత్యము వాడవలసిన మందులు కూడ ఆ జాబితాలో చేరవలెను. మూడవది ఖర్చు, దూరము. కూలి పోగొట్టుకొని పట్టణమునకు పోలేక మానివేయుట. నాలుగవది అపోహ. ఒళ్ళు కుదుటపడగనే మందు అక్కరలేదనుకొనుట, దీక్ష పట్టినామని మానుట కలదు. పిదప వచ్చిన బాధను గాలి సోకినదనియు, ఎవరో చిల్లంగి పెట్టిరనియు తలచి భూతవైద్యునివద్దకు పోవుదురు. ఈ చిల్లంగి మాటవలన నిరపరాధులపై దాడులు జరుగుట మన ప్రాంతమునకు తెలియనిది కాదు. తలలో ఝల్లుమనుటకు కారణము ఆగిపోయిన మందు కావచ్చునని ఒకరు చెప్పినచో ఒక కుటుంబమునకు స్వస్థత, మరియొక కుటుంబమునకు రక్షణ కలుగును.

పంచాయతీ చేయగల పనులు

మొదటిది, గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము సమావేశములో ఈ విషయమును చర్చకు పెట్టవలెను. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ఇండ్లకు పోవునప్పుడు రక్తపోటు, మధుమేహ రోగులను అడిగినట్లే, నరముల మందు లేక నిద్రకు మందు వాడువారిని కూడ మందు ఉన్నదా, ఐపోయినదా అని అడుగునట్లు చూడవలెను. రోగుల పేర్లు బహిరంగముగా చదువరాదు, గోడపై అంటింపరాదు. రహస్యము కాపాడుట రోగి హక్కు.

రెండవది, వలస పోవువారు వైద్యుని చీటీని, మందు పేరును, మోతాదును వెంట తీసికొనిపోవునట్లు చెప్పవలెను. చదువురానివారికి ఒక కాగితముపై వ్రాసి ఇచ్చుట వార్డు సభ్యుడు చేయగల పని. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు రెండు వారముల మందు ఇంటనున్నదో లేదో చూచుకొనుడని దండోరాలో ఒక మాట చేర్చవచ్చును.

మూడవది, ఈ మందులు వైద్యుని చీటీపై మాత్రమే అమ్మదగినవి. ఆర్.ఎం.పి. వైద్యుడని ఊరిలో పిలువబడువారు వీనిని మొదలుపెట్టుట గాని, మాన్పుట గాని చేయరాదని నెమ్మదిగా నచ్చజెప్పవలెను. వారు రోగిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపినచో ఎంతో మేలు చేసినవారగుదురు.

నాలుగవది, సహాయము ఎక్కడ దొరకునో అందరికి తెలియజేయవలెను. శ్రీకాకుళములో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి కలదు. విజయనగరములో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైనది. విశాఖపట్నము చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు. ఇంటినుండి కదలలేనివారు టెలి మానస్ సేవకు 14416 నంబరున ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైన ఈ సేవ ఉచితము; రాత్రింబవళ్ళు లభించును; తెలుగులో మాటలాడవచ్చును. 2018 మే 29వ తేదీన అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, ప్రభుత్వము నడుపు సేవలనుండి మానసిక చికిత్స పొందుట ప్రతి వ్యక్తికిని హక్కు.

ఆలస్యము చేయరాని సందర్భములు

చనిపోవలెనను మాట పలుమారు వచ్చుట, కూర్చుండలేని అశాంతితో రేయింబవళ్ళు నడచుట, నిద్రలేకయే అమితమైన ఉత్సాహముతో డబ్బు విచ్చలవిడిగా ఖర్చుచేయుట, లేని మాటలు వినబడుట, మూర్ఛ వచ్చుట: వీనిలో ఏది కనబడినను ఆ పూటనే ఆసుపత్రికి చేర్పవలెను, 108 వాహనమును పిలువవలెను. ఆ వ్యక్తిని ఒంటరిగా విడువరాదు. పురుగుల మందును, త్రాళ్ళను, మిగిలిన మాత్రలను అందకుండ దాచవలెను. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మనోవ్యథలో నున్నవాడేయని చట్టము భావించును గనుక పోలీసు కేసు భయముతో ఆసుపత్రికి పోక మానరాదు.

వార్డు సభ్యుడు వైద్యుడు కానక్కరలేదు. బాధలో నున్న మనిషివద్దకు పోయి, “అమ్మా, మందు ఏ దినమున ఆగినది? డాక్టరుగారితో చెప్పితిరా? రేపు నేను తోడు వత్తును” అని చెప్పగలిగిన చాలును. ఏండ్ల తరబడి వాడిన మందునుండి మెల్లగా దిగువానికి నెలల కాలము కావలెను. ఆ నెలలలో అతనిని సోమరియనక, పిచ్చివాడనక, పని తగ్గించి, మాట తగ్గించి, తోడు పెంచుటకు ఊరు సిద్ధపడవలెను. ఇందుకు నిధులు అక్కరలేదు, తీర్మానములు అక్కరలేదు. రాబోవు సమావేశమున పది నిమిషములు ఈ విషయమునకు కేటాయించినచో మొదటి పని పూర్తియైనట్లే.